ఆల్చిప్పల రాకుమారి: లూబిచ్ హాస్యశిల్పము

మూగచిత్రములలో హాస్యమనగా పడుట, పరుగెత్తుట, తన్నులు తినుట అని తలచువారు పలువురు. 1919లో జర్మనీయందు వెలువడిన 'ఆల్చిప్పల రాకుమారి' హాస్యమునకు మరియొక మార్గము చూపినది. దీని దర్శకుడు ఎర్న్‌స్ట్ లూబిచ్ 1892లో బెర్లిను నగరమున ఒక దర్జీ యింట జన్మించి, మాక్స్ రైన్‌హార్ట్ నాటకశాలలో నటించి, పిమ్మట చిత్రరంగమున ప్రవేశించెను.

కథ స్వల్పము. ఆల్చిప్పల వ్యాపారమున కోట్లు గడించిన అమెరికా ధనికుడు క్వేకర్. బూటుపాలిషు వ్యాపారి కూతురు ఒక ప్రభువును పెండ్లాడినదని విని, అతని కూతురు ఒస్సీ ఇంటిలోని సామానంతయు పగులగొట్టును. తండ్రి రాకుమారునే తెచ్చెదనని మాట యిచ్చును. పెండ్లిండ్ల పేరయ్య చూపిన రాకుమారుడు నుక్కీ కడు బీదవాడు. పిల్లను చూచి రమ్మని అతడు పంపిన యోజెఫునే వరుడని పొరబడి, ఒస్సీ నుక్కీ పేరుతోనే అతనిని వివాహమాడును. తరువాత, త్రాగుడు మాన్పించు ధనికకన్యల సంఘమునకు అసలు నుక్కీయే మత్తులో చేరును. ఇరువురికిని ప్రేమ కలుగును. వివాహము అతని పేరనే జరిగినది గనుక చిక్కు తనంతట విడిపోవును.

ఇందలి శిల్పమంతయు సంఖ్యలో, నిరీక్షణలో ఉన్నది. క్వేకర్ చెప్పునది వ్రాసికొనుటకు టైపిస్టులు బారులు తీరి కూర్చుందురు. అతని చుట్ట పట్టుకొనుటకును సేవకుడు కావలెను. ఒస్సీ స్నానమునకు పరిచారికల దండు కదలును. యోజెఫు విశాలమైన చావడిలో ఎదురుచూచి విసిగి, నేలమీది చిత్రపుగీతల వెంబడి అడుగులు వేయును. ఎవడును జారిపడడు, అయినను ఆ భవనమున అతడెంత అల్పుడో తెలియును, నవ్వును వచ్చును. యుద్ధమున ఓడి, ఆకలి నెరిగిన ప్రజల యెదుట ఇట్టి వైభవమును ప్రదర్శించి, ద్వేషము లేకుండ దానిని నవ్వులపాలు చేయుట సామాన్యము కాదు.

క్వేకరునకు ఏదియు గొప్పగా తోచదు. ఆ మాటనే అతడు చిత్రమంతటను పల్లవివలె పలుకును. తుదకు తాళపుచెవి రంధ్రమునుండి నూతన దంపతులను చూచి, ఇది మాత్రము గొప్పదే అని ఒప్పుకొనును. ధనము కదల్చలేని మనస్సును కూతురి సుఖము కదల్చినది.

1922లో లూబిచ్ అమెరికాకు వెడలి, 1947లో మరణించువరకు అచటనే చిత్రములు తీసెను. మూసిన తలుపు చూపి లోపలి కథను ప్రేక్షకునికి విడుచుట అతని ముద్రగా ప్రసిద్ధి చెందినది. మన ఆలంకారికులు ధ్వని యనినది దీనికి దూరము కాదు. పాఠకుడు స్వయముగా గ్రహించి నవ్వగలదానిని విప్పి చెప్పిన రచయిత ఆ నవ్వును తానే హరించినవాడగును.