కారు కొనేముందు ఒక భిన్నం

ఒక ఇంట్లోవాళ్లు పాత కారు కొనాలనుకుంటారు. ఏళ్ల తరబడి కూడబెట్టిన డబ్బు. ఏ కారు అన్నది ఇంకా తేలకముందే సలహాలు మొదలవుతాయి. "ఆ కారా! దాని జోలికి పోకండి. మా బావమరిది స్నేహితుడు కొన్నాడు, ఏడాది తిరక్కుండానే ఇంజను ముక్కలైంది," అంటాడు ఒకాయన. "అదంతా వట్టిమాట. నేను పదేళ్లుగా నడుపుతున్నాను. ఒక్కనాడు మొరాయించలేదు," అంటాడు ఇంకొకాయన. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడటం లేదు. ఎవరికి తెలిసిన నిజం వాళ్లు చెబుతున్నారు. అయినా ఎవరి మాట నమ్మి డబ్బు పెట్టాలో ఇంటాయనకు బోధపడదు.

పిల్లలూ, ఈ చిక్కు విప్పటానికి మీరు బడిలో నేర్చుకున్న భిన్నం చాలావరకు పనికొస్తుంది. చెడిపోయిన కార్లు ఎన్నో అది లవం. అటువంటి కార్లు మొత్తం ఎన్ని రోడ్డు మీదికి వచ్చాయో అది హారం. బావమరిది స్నేహితుడి కారు లవంలో ఒకటి. రెండో ఆయన కారు హారంలో మాత్రమే ఒకటి. ఇద్దరి దగ్గరా పూర్తి భిన్నం లేదు. నేను లెక్కలు చెప్పిన రోజుల్లో హారం రాయటం మరిచిన వాడికి సగం మార్కులు కూడా ఇచ్చేవాణ్ణి కాదు. ఈ విషయంలో పెద్దవాళ్లు అంతకన్నా మెరుగు కాదు.

హారం దొరికితే ఏం తెలుస్తుందో చూడటానికి నిజంగా జరిగిన సంగతి ఒకటి చెబుతాను. జర్మనీలో పోర్షె అనే కంపెనీ ఉన్నది. వేగంగా పోయే కార్లకు అది పెట్టింది పేరు. అవి ధనవంతుల కార్లు గదా, మనకెందుకంటారేమో. వాటి లోపం గురించిన వివాదం కోర్టుకెక్కింది గనక అంకెలు బయటికి వచ్చాయి. మామూలు కార్ల విషయంలో ఇంత స్పష్టంగా అంకెలు దొరకటం అరుదు.

ఈ కంపెనీ 1996లో బాక్‌స్టర్ అనే కారునూ, ఆ మరుసటి ఏడు కొత్త రకం 911 కారునూ తెచ్చింది. రెండింటికీ ఒకే కుటుంబానికి చెందిన ఇంజను. ఆ ఇంజనులో క్రాంకు షాఫ్టు అనే పెద్ద ఇరుసు కింద మరొక ఇరుసు ఉంటుంది. దాన్ని మధ్య ఇరుసు అందాం. పెద్ద ఇరుసు గొలుసుతో మధ్య ఇరుసును తిప్పుతుంది. మధ్య ఇరుసు మళ్లీ గొలుసులతో, వాల్వులను తెరిచి మూసే ఇరుసులను తిప్పుతుంది. వాల్వు తెరుచుకుని కిందికి దిగినప్పుడు పిస్టను దానికి అడ్డం రాకూడదు. పిస్టను పూర్తిగా పైకి వచ్చేసరికి వాల్వు దాదాపు మూసుకుని ఉండాలి. ఈ తాళం తప్పిందా, రెండూ ఢీకొంటాయి.

ఆ మధ్య ఇరుసు ఒక చివర బేరింగులో తిరుగుతుంది. మీ సైకిలును దుకాణంలో విప్పినప్పుడు చక్రం ఇరుసు చుట్టూ చిన్న ఉక్కు గుండ్లు చూసే ఉంటారు. ఇదీ అటువంటిదే. తేడా ఏమంటే, దీని లోపల గ్రీజు నింపి మూతలు బిగించి వదిలేశారు. మూతలు పాతబడితే గ్రీజు కొంచెం కొంచెంగా కరిగిపోతుంది. ఇంజను ఆయిలు లోపలికి దిగుతుంది గాని ధారాళంగా వచ్చి పోదు. సరి అయిన తడి లేక గుండ్లు అరుగుతాయి. ఒకనాడు బేరింగు విచ్చిపోతుంది. ఇరుసు ఊగుతుంది, గొలుసుల తాళం తప్పుతుంది, వాల్వులు పిస్టన్లకు తగులుతాయి. క్షణాల్లో ఇంజను పాడైపోతుంది. దాన్ని మళ్లీ చేయించటానికి కొన్నిసార్లు ఆ పాత కారు ఖరీదును మించి ఖర్చవుతుంది.

ఈ వార్త పాకింది. అటువంటి కారు కొనబోయే ప్రతివాడూ, "ఈ బేరింగు పోతుందా?" అని అడగటం మొదలుపెట్టాడు. పోయినవాళ్లు పది మందికి చెప్పుకున్నారు. పోనివాళ్లు చెప్పుకోవటానికి ఏముంది? "నా బేరింగు ఇవాళ కూడా బాగానే ఉన్నది," అని ఎవరూ చాటించరు గదా. బాగుచేసే మెకానిక్కును అడిగినా అంతే. ఆయన కొట్టు ముందుకు చెడిన బండ్లే వస్తాయి. ఆసుపత్రిలో కూర్చుని ఊరిని లెక్కపెడితే ఊరంతా రోగులే ఉన్నట్టు కనిపిస్తుంది.

చివరకు అమెరికాలో కొందరు యజమానులు కలిసి దావా వేశారు. 2013లో రాజీ కుదిరింది. 2001 మే 4 మొదలు 2005 ఫిబ్రవరి 21 దాకా తయారైన కార్లకు అది వర్తించింది. ఈ తేదీలు ఎందుకు గీశారంటే, మొదట వచ్చిన కార్లలో బేరింగుకు గుండ్లు రెండు వరుసలు ఉండేవి. తరవాత ఒక వరుసది పెట్టారు. ఆ వ్యాజ్యంలో చెప్పిన లెక్క ప్రకారం రెండు వరుసల బేరింగులు నూటికి ఒకటి కన్నా తక్కువ చెడ్డాయి. ఒక వరుసవి నూటికి 8 చెడ్డాయి. 2006 మోడలు నుంచి ఇంకా పెద్ద బేరింగు వచ్చింది. 2009 మోడలు కొత్త ఇంజనులో అసలు ఆ మధ్య ఇరుసునే తీసేశారు.

చూశారా, "ఈ కారుకు బేరింగు పోతుందా?" అన్న ప్రశ్నే సరిగా లేదు. పేరు ఒకటే అయినా వాటిలో కనీసం నాలుగు రకాల కార్లు ఉన్నాయి. అన్నిటినీ ఒకే బుట్టలో పోసి సగటు తీస్తే, మంచివాటికి లేని చెడ్డపేరూ, చెడ్డవాటికి లేని మంచిపేరూ వస్తుంది. రెండో రకం బేరింగు మొదలైన రోజుల్లో పాతవీ కొత్తవీ కలిసిపోయాయి గనక, కారు ఏ ఏటిదో చూస్తే చాలదు, ఇంజను మీది నంబరు చూడాలి. ఇంజను చెడి మధ్యలో వేరేది బిగించిన కార్లూ ఉంటాయి.

ఇక నూటికి 8 అంటే ఎక్కువా, తక్కువా? ఇక్కడ ఒక చిన్న పరీక్ష చేయండి. 100 చింతపిక్కలు తీసుకుని ఎనిమిదింటికి సుద్దతో గుర్తు పెట్టండి. అన్నీ చెంబులో పోసి కలిపి, కళ్లు మూసుకుని 10 తీయండి. గుర్తున్న పిక్క ఎన్ని వచ్చిందో రాసుకుని, మళ్లీ పోసి కలపండి. ఇట్లా చాలాసార్లు చేస్తే, నూటికి 40కి పైగా సార్లు పదింటిలో ఒక్క గుర్తు పిక్క కూడా రాదు! అంటే ఇంటాయన ఆ కారున్న పది మందిని వెతికి పట్టుకుని అడిగినా, "మాకెవ్వరికీ ఆ బాధ లేదు," అనే జవాబు రావటానికి బాగా అవకాశం ఉన్నది. దాన్ని నమ్మి లోపమే లేదనుకుంటే పొరపాటు. ముప్ఫై మందిని అడిగితే మోసపోయే అవకాశం బాగా తగ్గుతుంది. అంతమంది దొరకటం మాత్రం కష్టం.

నూటికి 8 అన్నప్పుడు ఇంకొక ప్రశ్న కూడా వెయ్యాలి: ఎంత కాలంలో? మూడేళ్లలో నూటికి ఒకటి చెడిన వస్తువు పదిహేనేళ్లలోనూ ఒకటే చెడుతుందని ఎవరు చెప్పారు? కంపెనీ హామీ ఉన్న కాలంలో చెడినవి లెక్కకు వస్తాయి. హామీ దాటాక యజమాని తన డబ్బుతో బాగుచేయించుకుంటే అది ఏ పుస్తకంలోనూ ఎక్కకపోవచ్చు. మరొక వైపు, ఇరవై ఏళ్లు దాటిన కారు ఇప్పటికీ నడుస్తున్నదంటే, దాని బేరింగు గట్టిదైనా అయి ఉండాలి, ఎవరో మార్చి అయినా ఉండాలి, లేదా చప్పుడు విని అమ్మేస్తున్నా ఉండాలి. మూడింటిలో ఏదో భిన్నం చెప్పదు. కాగితాలు చూసి కనుక్కోవాలి.

ఇప్పుడు డబ్బు సంగతి. లెక్క కోసం, ఇంజను బాగుచేయటానికి 5 లక్షలు అవుతుందనుకుందాం. 100 కుటుంబాలు ఈ కారు కొంటే 8 కుటుంబాలకు కలిపి 40 లక్షలు ఖర్చు. అందరూ పంచుకుంటే తలకు 40,000. ఇది భరించదగినదే. కాని పంచుకునేదెవరు? ఒక ఇంటికి 40,000 ఖర్చు ఎన్నడూ రాదు. వస్తే 5 లక్షలు, లేకపోతే సున్న. కనుక ఇంటాయన, "నూటికి ఎన్ని?" అని అడిగాక, "ఆ ఎనిమిదిలో మనం ఉంటే తట్టుకోగలమా?" అని కూడా అడగాలి. అమ్మాయి కాలేజీ ఫీజుకు దాచిన డబ్బు అందులో ఉంటే జవాబు ఒక రకం. మిగులు డబ్బు అయితే ఇంకొక రకం. తలుపు పిడి నూటికి 50 కార్లలో ఊడినా ఫరవాలేదు. పిడి మార్చుకుంటాం.

ప్రాణం పోయే లోపమైతే ఈ బేరమే లేదు. అమెరికాలో జనరల్ మోటార్స్ వారు 2014లో సుమారు 26 లక్షల కార్లను వెనక్కి పిలిచారు. వాటి తాళంచెవి స్విచ్చి బిగువు తక్కువ. కుదుపుకో, తాళాల గుత్తి బరువుకో అది జారితే నడుస్తున్న ఇంజను ఆగిపోయేది. ప్రమాదంలో మనిషిని కాపాడే గాలిసంచి విచ్చుకునేది కాదు. ఆ స్విచ్చి వల్ల 124 మంది చనిపోయినట్టు పరిహారం లెక్కల్లో తేలింది. భాగించి చూడండి: సుమారు 21,000 కార్లకు ఒక మరణం. అరుదైనదే. అయినా అది లెక్కల పుస్తకంలో అంకె కాదు, ఎవరింట్లోనో ఒక మనిషి.

ఆ లోపం అన్నేళ్లు దొరక్కపోవటానికి ఒక కారణం వినదగ్గది. 2006లో ఆ స్విచ్చిని కొంత గట్టిగా మార్చారు గాని, దాని నంబరు మార్చలేదు! పాతదానికీ కొత్తదానికీ ఒకే నంబరు. పాత కార్లలో ప్రమాదాలు జరిగి, తరవాతి కార్లలో ఎందుకు జరగటం లేదో పరిశోధించేవాళ్లకు అంతుపట్టలేదు. బాధితుల తరఫున వచ్చిన ఒక ఇంజనీరు రెండు స్విచ్చిలు విప్పి పక్కపక్కన పెట్టి చూశాడు. లోపలి చిన్న మొన పొడవులో తేడా ఉన్నది. తూకం రాయి మార్చి పాత ముద్రే వేసినట్టున్నది ఈ పని. ఇది చదివినప్పుడు నాకు చాలా కోపం వచ్చింది.

హారాన్ని శ్రద్ధగా లెక్కపెట్టేవాళ్లు లేకపోలేదు. జర్మనీలో ఏడీఏసీ అనే మోటారు సంఘం ఉన్నది. దారిలో ఆగిపోయిన బండ్ల దగ్గరికి దాని మనుషులు వెళతారు. ఏ కారు ఎన్నిసార్లు ఆగిందన్నది ఊరికే ప్రకటించరు. అటువంటి కార్లు వెయ్యి ఉంటే వాటిలో ఎన్ని ఆగాయో చెబుతారు. ఎక్కువగా అమ్ముడుపోయిన కారు ఎక్కువసార్లు ఆగినట్టు కనిపించటం సహజం గనక, ఇదే న్యాయమైన పద్ధతి. మన దేశంలో 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం, లోపమున్న వాహనాలను వెనక్కి పిలవమని ఆజ్ఞాపించే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది. ఫిర్యాదు చేసిన యజమానులు నూటికి ఎందరు అన్నది కూడా ఆ చట్టం చూస్తుంది. అంతకుముందు 2012 నుంచీ కంపెనీలు తమంతట తామే పిలిచే ఏర్పాటు ఉన్నది. కారు కొనేముందు, దాన్ని ఎప్పుడైనా వెనక్కి పిలిచారా, పిలిస్తే ఆ పని చేయించారా అన్నది ఛాసిస్ నంబరు చెప్పి కంపెనీ వారిని అడగవచ్చు. బేరమాడటానికి పట్టే సమయంలో సగం కూడా దానికి పట్టదు.

మళ్లీ ఆ బేరింగు దగ్గరికి వద్దాం. 2003 మోడలు కారు ఒకటి అమ్మకానికి వచ్చిందనుకోండి. తెలిసిన కొనుగోలుదారు ముందు రసీదులు అడుగుతాడు. ఆ బేరింగు మార్చాలంటే గేరుబాక్సు దించాలి. క్లచ్చి మార్చటానికీ దాన్ని దించవలసిందే. అందుకని క్లచ్చి వేసేటప్పుడే బేరింగు కూడా మార్చటం అక్కడి అలవాటు. రసీదులో రెండూ ఉంటే మంచిదే. క్లచ్చి ఒక్కటే ఉంటే, ధర తగ్గించమని అడగటానికి కారణం దొరికినట్టే. ఆ తరవాత ఇంజను ఆయిలు తీయించి, ఫిల్టరును కోసి, దానిలోని కాగితం మడతలు విప్పి వెలుతురులో పట్టి చూస్తాడు. ఉక్కు పొడి తళుక్కుమంటే ఒక అయస్కాంతం దగ్గరికి తెస్తాడు. పొడి లేచి అంటుకుంటే, అమ్మేవాడికి నమస్కారం పెట్టి తన దారిన పోతాడు.