ఇరుసుకూ గేర్‌బాక్సుకూ నడుమ

మోటారు బండిలో ఇంజను, గేర్‌బాక్సు ఛాసిస్‌కు బిగించి ఉంటాయి. వెనక ఇరుసు మాత్రం కమాను పట్టీల మీద ప్రతి గుంటకూ పైకీ కిందికీ ఆడుతూనే ఉంటుంది. నిలకడగా ఉన్న చోటు నుంచి ఆడే చోటికి భ్రమణాన్ని చేర్చడం ఎలా? తొలినాటి కార్లలో చాలావాటికి గొలుసులే దిక్కు. దుమ్ము పడితే అరిగేవి, సాగేవి, చెవులు హోరెత్తించేవి.

విరుగుడు అప్పటికి రెండు శతాబ్దాలుగా పుస్తకంలోనే ఉంది. ఇంగ్లండ్ శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ 1676లో, సూర్యుణ్ణి చూసే పరికరాల గురించి రాస్తూ, ఏటవాలుగా కలిసే రెండు కడ్డీల మధ్య భ్రమణాన్ని అందించే కీలును వర్ణించాడు. నడుమ శిలువలాంటి ముక్క, అటూ ఇటూ చెరో యోకు. మన మెకానిక్కులు క్రాస్ అనేది ఆ ముక్కనే. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థి క్లారెన్స్ స్పైసర్ ఆ కీలును కారుకు పనికొచ్చేలా మలచి 1903లో పేటెంటు పొందాడు. మరుసటి ఏడే న్యూజెర్సీలోని ప్లెయిన్‌ఫీల్డ్‌లో తయారీ మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధంలో విల్లీస్ జీపు కింద ఉన్నవి స్పైసర్ ఇరుసులే. స్వాతంత్ర్యం వచ్చిన తొలి ఏళ్లలో మహీంద్రా బొంబాయిలో కూర్చింది ఆ జీపులనే. మన మన్యం దారుల్లో తిరిగిన జీపులది ఆ వంశమే.

క్రాస్ ఒక్కటే చాలదు. ఇరుసు కిందికి జారితే గేర్‌బాక్సును దానితో కలిపే షాఫ్ట్ పొడవు పెరగాలి, పైకి లేస్తే తగ్గాలి. అందుకే షాఫ్ట్‌ను రెండు ముక్కలు చేసి, ఒకటి రెండోదానిలో ఒరలో కత్తిలా జారేలా స్ప్లైన్లు, అంటే నిలువు పళ్లు, పెట్టారు. ఎవరూ అంతగా చెప్పుకోని ఈ జారుడు భాగమే నా దృష్టిలో ఈ యంత్రానికి ప్రాణం. బండిని ఎత్తు చేసేవాళ్లు ఎక్కువగా మరిచేదీ దీన్నే.

ఒక లెక్క చూడండి. గేర్‌బాక్సు నుంచి ఇరుసుకు అడ్డంగా 600 మిల్లీమీటర్లు, నిలువుగా 150 తేడా ఉందనుకుందాం. షాఫ్ట్ పొడవు సుమారు 618. బండిని 100 మిల్లీమీటర్లు ఎత్తితే అది 650 కావాలి. అడ్డు దూరం 1200 ఉన్న పొడవాటి బండిలో అదే ఎత్తుకు పెరిగేది 16 మాత్రమే. పొట్టి జీపులకే బాధ ఎక్కువ. వాలు కూడా 14 డిగ్రీల నుంచి 22 దాటుతుంది. ఆ కోణంలో ఒక్క క్రాస్ దగ్గర షాఫ్ట్ వేగం ప్రతి చుట్టులో రెండుసార్లు 92 శాతానికి తగ్గి 108 శాతానికి పెరుగుతుంది. షాఫ్ట్ రెండో చివర ఉన్న క్రాస్ దాన్ని సరిచేస్తుంది. అయితే రెండు కోణాలూ సమానంగా ఉండాలి, షాఫ్ట్ రెండు చివరల యోకులు ఒకే వరసలో ఉండాలి. లేకపోతే వణుకు మొదలవుతుంది, క్రాసులు త్వరగా పోతాయి.

ఈ లెక్క అంచనాకే. పట్టీ మరింత వంగితే ఇరుసు కాస్త ముందుకు జరుగుతుంది కాబట్టి అసలు మాట టేపుదే. కొలత మూడు స్థితుల్లో తీయాలి. మొదటిది, బండి బరువు చక్రాల మీద ఉండగా క్రాస్ మధ్య నుంచి క్రాస్ మధ్యకు. రెండోది, ఛాసిస్‌ను స్టాండ్ల మీద నిలిపి ఇరుసును పూర్తిగా వేలాడనిచ్చి. అప్పుడు స్ప్లైన్లు ఎంత లోపల మిగిలాయో చూడాలి, చక్రం చేత్తో తిప్పి క్రాస్ ఎక్కడా పట్టేయడం లేదని తేల్చుకోవాలి. మూడోది, మెయిన్ పట్టీ ఒక్కటే ఉంచి, బంప్ రబ్బరు తగిలేదాకా ఇరుసును జాకీతో లేపి. బండిని కిందికి దించినవాళ్లకు ఇదే కీలకం. లోపల జాగా మిగలకపోతే షాఫ్ట్ గేర్‌బాక్సును పొడుస్తుంది, బేరింగులు పగులుతాయి.

వేలాడే స్థితిలో పట్టు చాలకపోతే షాఫ్ట్ నడిరోడ్డు మీద ఊడుతుంది. ముందు కొస నేలను తాకితే బండి అదుపు తప్పుతుంది. పొడవు చాలని షాఫ్ట్‌ను పొడవు చేయించి, బ్యాలెన్స్ చేయించాకే వాడాలి. లిఫ్ట్ కిట్‌కు డబ్బు కట్టే ముందే ఈ మూడు కొలతలూ తీసే మెకానిక్కును వెతుక్కోండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి మాత్రం బండి కిందికి దూరకండి.