మన వీధి కొట్టు

నాన్నకు బదిలీ ఉత్తర్వు వచ్చిందంటే మనకు రెండు పనులు తప్పవు. ఒకటి సామాన్లు సర్దడం, రెండు కొత్త ఊళ్ళో మళ్ళీ మొదటి నుంచి మనుషుల్ని పరిచయం చేసుకోవడం. మేము కోల్‌కతా వచ్చిన కొత్తలో మమ్మల్ని మొదట పేరు పెట్టి పిలిచింది ఎవరో తెలుసా? సందు మలుపులోని కిరాణా కొట్టాయన!

ఇక్కడ పేటను 'పాడా' అంటారు. కిరాణా కొట్టు 'ముదిర్ దొకాన్'. కొట్టాయనను పిల్లలందరూ 'కాకు' అని పిలుస్తారు, అంటే మన బాబాయి అన్నమాట. మాకు బెంగాలీ నేర్పిన మొదటి గురువు ఆయనే. చింతపండును 'తెంతుల్' అనాలని, మునక్కాడలను 'శొజ్‌నే డాంటా' అనాలని ఆయన దగ్గరే తెలిసింది. అమ్మ పోపు దినుసులు అడిగితే 'పాంచ్ ఫోడన్' పొట్లం ఇచ్చారు. జీలకర్ర, మెంతులు, సోంపు, నల్లజీలకర్ర, ఆవాలు కలిపిన పోపు అది. మన పోపులో వేసే మినప్పప్పు, శనగపప్పు అందులో లేవు. ఫోనులో సరుకులు తెప్పించుకుంటే సరుకులు వస్తాయి గానీ, ఈ కబుర్లు రావు కదా!

చిన్న కొట్లలో కొంటే ఊరికి కలిగే లాభం ఏమిటో ఒక లెక్క వేసి చూద్దాం. మనం వంద రూపాయల సరుకు కొన్నామనుకుందాం. అందులో ఎక్కువ భాగం టోకు వ్యాపారికి, మిల్లుకు, రైతుకు పోతుంది. ఎక్కడ కొన్నా అది మామూలే. తేడా అంతా మిగిలిన లాభంలో ఉంది. కాకుకు పది రూపాయలు మిగిలితే ఆయన దాన్ని ఈ వీధి దర్జీకి ఇస్తారు. దర్జీ ఆ డబ్బుతో పక్క బండి దగ్గర టీ తాగుతాడు. టీ బండి అతను అదే డబ్బుతో కూరలు కొంటాడు. ఒక్క పది రూపాయలు నలుగురికి ఆదాయం అయ్యాయి. ఆర్థిక శాస్త్రంలో దీన్ని 'గుణక ప్రభావం' అంటారు. పెద్ద సంస్థల లాభంలో చాలా భాగం వేరే ఊళ్ళో ఉన్న యజమానులకు, వాటాదారులకు చేరుతుంది.

బదిలీల కుటుంబాలకు ఇంకో సౌకర్యం కూడా ఉంది. చిన్న కొట్లో పది రూపాయల ఆవాలు అడిగినా తూచి ఇస్తారు. ఊరు వదిలే నెలలో కిలో ప్యాకెట్లు కొని పారేయనక్కర లేదు. కూరగాయల బండి దగ్గరైతే నాలుగు పచ్చిమిరపకాయలు కొసరు కూడా వేస్తారు. కొసరును ఇక్కడ 'ఫావు' అంటారు. ఫుచ్కా తిన్నాక ఫావు అడగని పిల్లలు ఈ ఊళ్ళో ఉండరేమో!

కోల్‌కతాలో ఇలాంటి చోట్లు ఎన్నో ఉన్నాయి. దక్షిణాది కుటుంబాలు ఎక్కువగా వెళ్ళే లేక్ మార్కెట్‌లో కరివేపాకు, అరటి ఆకులు, ఫిల్టర్ కాఫీ పొడి దొరుకుతాయి. పండగపూట అక్కడ మన భాష వినిపిస్తే ప్రాణం లేచి వస్తుంది. కాలేజ్ స్ట్రీట్‌లో పాత పుస్తకాలు అమ్మవచ్చు, కొనవచ్చు. మధ్యలో బడి మారే మనలాంటి వాళ్ళకు అది వరమే.

కష్టకాలంలో చిన్న కొట్టు విలువ మరీ తెలుస్తుంది. 2020 మే 20న అంఫాన్ తుఫాను వచ్చినప్పుడు నగరంలో చాలా చోట్ల రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు పనిచేయలేదు. ఫోను మూగబోతే ఆన్‌లైన్ దుకాణం ఎలా తెరుచుకుంటుంది? అలాంటప్పుడు కొవ్వొత్తులు, బియ్యం అరువిచ్చి పుస్తకంలో రాసుకోగలిగేది మనల్ని ఎరిగిన కొట్టాయనే.

ఎవరి దగ్గర కొంటున్నాం అన్నది చిన్న విషయం కాదని ఈ నగరం ఎప్పుడో చెప్పింది. 1905 ఆగస్టు 7న ఇక్కడి టౌన్ హాలులోనే స్వదేశీ ఉద్యమాన్ని ప్రకటించారు. 1907లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్రకు వచ్చి రాజమండ్రి మొదలైన ఊళ్ళలో ఉపన్యసించారు. ఆ ఆగస్టు 7నే 2015 నుంచి జాతీయ చేనేత దినోత్సవంగా జరుపుకుంటున్నాం.

అలాగని పెద్ద దుకాణాలకు వెళ్ళవద్దని కాదు. కొన్ని వస్తువులు అక్కడ చౌకగా దొరుకుతాయి, అక్కడా ఎందరో ఉద్యోగాలు చేస్తున్నారు. చిన్న కొట్టు అయినా గడువు తేదీ, గరిష్ఠ ధర చూసుకోవాలి, బిల్లు అడగాలి. అయితే పెద్ద దుకాణంలో ధర చూసి మాట్లాడకుండా ఇచ్చేసే మనం, కొత్తిమీర కట్ట అమ్మే అవ్వ దగ్గర రెండు రూపాయలకు బేరమాడడం న్యాయమేనా? ఒకసారి ఆలోచించండి.

బెంగాలీ సంవత్సరాది 'పొయిలా బైశాఖ్' ఏప్రిల్ మధ్యలో, మన ఉగాది వెళ్ళాక వస్తుంది. ఆ రోజు వ్యాపారులు లక్ష్మీగణపతులను పూజించి ఎర్ర అట్ట ఖాతా పుస్తకం తెరుస్తారు. దీన్ని 'హాల్‌ఖాతా' అంటారు. ఖాతాదారులు పాత బాకీ తీర్చి, మిఠాయి పెట్టె, క్యాలెండరు తీసుకుని వస్తారు. కిందటిసారి కాకు మమ్మల్నీ పిలిచారు. ఊరికి కొత్తవాళ్ళమైన మాకు దక్కిన మొదటి ఆహ్వానం అదే.

వచ్చే హాల్‌ఖాతాకు మేము ఏ ఊళ్ళో ఉంటామో తెలియదు. కానీ ఒకటి నిర్ణయించుకున్నాం. సామాన్ల లారీ ఎక్కే ముందు కాకు పుస్తకంలో మా బాకీ పైసాతో సహా తీర్చి, వెళ్ళొస్తామని చెప్పి వెళ్ళాలి. మీరూ అలాగే చేయండి. కొత్త ఊరు చేరగానే ముందుగా వీధి చివరి కొట్టుకు వెళ్ళి మీ పేరు చెప్పండి.