మందుల బిల్లు మోయలేకపోతున్నారా?

అమ్మకు బీపీ, నాన్నకు షుగర్‌. నెల తిరిగేసరికి మందుల షాపు బిల్లు వేలల్లోకి చేరుతుంది. ఆసుపత్రిలో చేరితే బీమా ఆదుకుంటుంది గానీ, ఇంట్లో రోజూ వేసుకునే మాత్రలకు చాలా పాలసీలు పైసా ఇవ్వవు. అందుకే కొందరు పెద్దలు పిల్లలకు చెప్పకుండా మాత్రను రోజు విడిచి రోజు వేసుకుంటుంటారు. ఇది పొదుపు కాదు. బీపీ అదుపు తప్పితే పక్షవాతం, గుండెపోటు ముప్పు పెరుగుతుంది. షుగర్‌ అదుపు తప్పితే కళ్లు, కిడ్నీలు దెబ్బతింటాయి. మాత్ర మానకుండానే ఖర్చు తగ్గించుకునే మార్గాలున్నాయి.

జెనరిక్‌ అడగండి: స్ట్రిప్‌ మీద బ్రాండు పేరుతో పాటు అసలు మందు పేరూ ఉంటుంది. మెట్‌ఫార్మిన్‌, ఆమ్లోడిపిన్‌, అటోర్వాస్టాటిన్‌ వంటివి జన ఔషధి కేంద్రాల్లో బ్రాండెడ్‌ ధర కన్నా సాధారణంగా 50-80 శాతం తక్కువకే దొరుకుతాయి. దగ్గర్లోని కేంద్రాన్ని, ధరలను ‘జన ఔషధి సుగమ్‌’ యాప్‌లో చూసుకోవచ్చు. మోతాదు, విడుదలయ్యే తీరు (ఎస్‌ఆర్‌, ఎక్స్‌ఆర్‌ వంటివి) చీటీలో రాసినట్టే ఉండాలి. థైరాయిడ్‌, మూర్ఛ, రక్తాన్ని పలుచబరిచే మందులను మాత్రం డాక్టర్‌ను అడగకుండా మార్చొద్దు.

ప్రభుత్వ కేంద్రానికి వెళ్లండి: ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, బస్తీ దవాఖానాల్లో బీపీ, షుగర్‌ మందులు ఉచితంగా ఇస్తారు. మొహమాటం అక్కర్లేదు, అవి అందరివీ.

పెద్ద జబ్బులకు: క్యాన్సర్‌, గుండె మందులపై అమృత్‌ ఫార్మసీల్లో రాయితీ ఉంటుంది. ఖరీదైన క్యాన్సర్‌ మందులకు కొన్ని కంపెనీలు రోగులకు సహాయ పథకాలు నడుపుతాయి. వాటి గురించి మీ ఆంకాలజిస్టును నేరుగా అడగండి. ఆయుష్మాన్‌ భారత్‌ కింద చికిత్స పొందితే, డిశ్చార్జి తర్వాత 15 రోజుల మందులు కూడా ప్యాకేజీలోనే ఉంటాయి.

బిల్లులు దాచండి: ఆరోగ్య బీమా లేని, 60 ఏళ్లు దాటిన తల్లిదండ్రుల వైద్య ఖర్చుకు పాత పన్ను విధానంలో ఏటా రూ.50 వేల వరకు మినహాయింపు ఉంది. చెల్లింపు నగదులో కాకుండా కార్డు, యూపీఐ, చెక్కు వంటి రూపాల్లో ఉండాలి.

ఈసారి డాక్టర్‌ దగ్గరికి వెళ్లేటప్పుడు ఇంట్లోని మందులన్నీ ఒక సంచిలో పట్టుకెళ్లండి. ‘వీటిలో అవసరం తీరినవి ఉన్నాయా? చవకైనవి రాస్తారా?’ అని అడగండి. అంతకన్నా ముందు అమ్మానాన్నల స్ట్రిప్‌లు ఓసారి చూడండి. ఈపాటికి అయిపోవాల్సిన మాత్రలు మిగిలి ఉంటే, కారణం మతిమరుపే కాకపోవచ్చు.