పుర్రె అడుగున ‘లీజన్’... ముక్క పరీక్షకు తొందరొద్దు

నాయుడుపేట హైవే మీద ఉంది కాబట్టి తలకు దెబ్బలతో వచ్చేవారు మాకు కొత్త కాదు. కొందరికి సీటీ స్కాన్‌లో దెబ్బ ఏమీ కనిపించదు. రిపోర్టు చివర మాత్రం ‘పుర్రె అడుగుభాగంలో లీజన్’ అని ఒక్క వాక్యం ఉంటుంది. ఇక ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు. లీజన్ అంటే క్యాన్సర్ కాదు. మామూలుకు భిన్నంగా కనిపించిన చోటు, అంతే.

ముక్కు వెనక లోతుగా స్ఫినాయిడ్ అనే ఎముక ఉంటుంది. దాన్ని ఆనుకునే కంటి నరాలు, మెదడుకు రక్తం తీసుకెళ్లే కెరోటిడ్ ధమనులు ఉంటాయి. అక్కడ బయాప్సీ చేయడం మెడ మీది గడ్డకు చేసినంత తేలిక కాదు. అందుకే స్కాన్‌తో తేలిపోయేదాన్ని స్కాన్‌తోనే తేల్చాలి.

పసితనంలో స్ఫినాయిడ్ నిండా ఎర్రమజ్జ ఉంటుంది. అది కొవ్వుగా మారి, తర్వాత అక్కడ గాలితో నిండిన సైనస్ ఏర్పడుతుంది. కొందరిలో ఈ పని మధ్యలోనే ఆగి, కొవ్వు అలాగే మిగిలిపోతుంది. ఇది అసలు జబ్బే కాదు. అయినా ఎమ్మారైలో గడ్డేమో అనిపిస్తుంది. సీటీలో చుట్టూ సన్నని గట్టి అంచు, లోపల కొవ్వు, వంపు తిరిగిన క్యాల్షియం గీతలు కనిపిస్తాయి. ఎముక ఉబ్బదు, నరాలు వెళ్లే రంధ్రాలు చెదరవు. ఇవన్నీ సరిపోతే ముక్క తీయక్కర్లేదు.

ఫైబ్రస్ డిస్‌ప్లేసియా వేరు. ఇందులో ఎముక స్థానంలో నారలాంటి కణజాలం పెరుగుతుంది. ‘మేనరికం వల్లా సార్?’ అని అడుగుతుంటారు. కాదు. గర్భంలో ఉండగా కొన్ని కణాల్లో వచ్చే జన్యుమార్పు ఇది, వంశపారంపర్యం కాదు. సీటీలో గరుకు గాజులా కనిపిస్తుంది. యుక్తవయసు దాటాక చాలామందిలో పెరుగుదల నెమ్మదిస్తుంది. క్యాన్సర్‌గా మారడం బహు అరుదు. చూపు, వినికిడి బాగుంటే గమనిస్తూ ఉంటే చాలు. పిల్లల ఒంటిపై కాఫీరంగు పెద్ద మచ్చలున్నా, ఆడపిల్ల మరీ చిన్న వయసులో రజస్వల అయినా హార్మోన్ పరీక్షలు చేయించాలి.

ఎముకను తినేసినట్లు స్కాన్‌లో కనిపించినా, ఒకటి రెండుగా కనబడుతున్నా, ముఖం మొద్దుబారినా, చూపు తగ్గినా ఆగకూడదు. అప్పుడు బయాప్సీ కూడా అవసరం కావచ్చు.

ఎమ్మారై ఒక్కటే తీసి ఉంటే సన్నని పొరల సీటీ అవసరమా అని డాక్టర్‌ను అడగండి. ఎప్పుడో సైనస్ కోసం తీయించిన పాత స్కాన్ ఉంటే వెతకండి. అయిదేళ్ల కిందటా అదే మచ్చ, అదే సైజులో ఉంటే అంతకన్నా మంచి కబురు లేదు. తిరుపతి స్విమ్స్ న్యూరోసర్జరీకి వెళ్లేటప్పుడు రిపోర్టు కాగితం ఒక్కటే సరిపోదు, సీడీలు కూడా పట్టుకెళ్లండి.