చింతపండు పెట్టెడి పరీక్ష

హిందూపురము చింతపండు వ్యాపారమునకు పేరుపడినది. స్వయముగా కాంక్రీటు వంటగట్టు పోసికొన్న ఇల్లాలికి ఆ పులుపే పరీక్ష. సిమెంటులోని సున్నమును పులుపు తినివేయును. గట్టుపై మాయని మచ్చ మిగులును.

అంతకు ముందు మరియొక పరీక్ష కలదు. ధర్మవరపు ఎండకు పచ్చి కాంక్రీటు త్వరగా ఆరి నెర్రెలు విచ్చును. కరవుసీమలో నీరు పొదుపు చేయవలెననిపించుట సహజమే. కాని ఆ పొదుపు గట్టుకు చేటు. 7 దినములైనను తడిగోనెలు కప్పియుంచవలెను. 28 దినములకు గాని తగిన బలము రాదు. పిమ్మట సానబట్టి, ఆహారమునకు హానిచేయని, తడి ఇంకనీయని పూత పూయవలెను. పూత పూసినను, చిందిన పులుసును వెంటనే తుడువవలెను.

పెనుకొండ గగనమహలున సున్నపు గచ్చు శతాబ్దములు దాటి నేటికిని కానవచ్చుచున్నది. వంటగట్టుకు ఒక నెల ఓర్పు ఎక్కువా?