హిమదేశపు కోళ్లు, దక్కను పుంజు

సికింద్రాబాదులో చలి యనగా ధనుర్మాసపు వేకువల బొలారము, తిరుమలగిరి మైదానములపై పరచుకొను పొగమంచు, మోండా మార్కెట్టునకు కూరలు తెచ్చువారి భుజములపై కంబళ్లు. అంతకు మించి లేదు. 1946 జనవరి 8వ తేదీన ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలకు దిగుట హైదరాబాదు వాతావరణ చరిత్రలో ఒక వింత. అట్టి రాత్రియందైనను పెరటిపుంజు ఈకలు ఉబ్బించుకొని, ముక్కును రెక్కలో దూర్చుకొని తెల్లవార్చగలదు. మరి తొట్టిలోని నీరు రాయియై, ముంగిట మోకాటిలోతు హిమము పడియుండు దేశములలో కోడి ఎట్లు బ్రతుకుచున్నది?

కోడి దేహోష్ణము సుమారు 41 డిగ్రీలు. మనకు తీవ్రజ్వరమైనది దానికి ఆరోగ్యము. ఈ వేడిని కాపాడునది పైఈకలకంటె వాని అడుగున దాగిన నూగు. అందు చిక్కుకొన్న గాలి దూదిబొంతవలె పనిచేయును. కాళ్లలోనికి దిగు వెచ్చని రక్తము పైకెక్కు చల్లని రక్తమునకు దారిలోనే తన వేడిని అప్పగించును గనుక నేలపాలగు ఉష్ణము స్వల్పము. కావున హిమము మొదట దెబ్బతీయునది దేహమును గాదు, అలంకారమును. ఈకల రక్షణలేని జుట్టు, తమ్మెలు ఎంత విశాలములైన అంత త్వరగా గడ్డకట్టి, నల్లబడి, కొనలు రాలిపోవును. ఇటలీ సముద్రతీరపు ఎండలలో పుట్టిన లెగ్‌హారను పుంజునకు దాని నిలువెత్తు జుట్టే హిమదేశమున శత్రువు.

ఈ సూక్ష్మమును చక్కగా గ్రహించినవాడు కెనడా దేశమున ఓకా మఠవాసియైన బ్రదర్ విల్‌ఫ్రిడ్ అను సన్న్యాసి. తమ దేశపు శీతమునకు తగిన కోడి లేకపోవుట చూచి, 1908లో ఆరంభించి, పలుజాతులను కలిపి, జుట్టు తలకు అంటుకొనిపోయి, తమ్మెలు ఉండీలేనట్లుండు శాంటెక్లేర్ అను జాతిని ఆయన సాధించెను. అమెరికాలో రూపొందిన వయన్‌డాట్ కోడికి తలపై నొక్కుకొనియుండు గులాబీజుట్టు. బ్రహ్మా కోడికి మూడు చిన్నగట్లు మాత్రమేయుండు బఠాణీజుట్టు, కాలివేళ్లదాక ఈకలు. ఈ బ్రహ్మాకు పేరు బ్రహ్మపుత్రానదినుండి వచ్చినది; ఆ జుట్టు చిట్టగాంగు కోళ్లనుండి సంక్రమించినదని పలువురి అభిప్రాయము. అనగా మంచుదేశముల కుక్కుటములు ధరించిన కిరీటములలో ఒకటి ఉష్ణదేశపు సొత్తే!

బఠాణీజుట్టు మన అసీలుకును ఉన్నది. నవాబుల దేవిడీలలోను, గోదావరి జిల్లాల సంక్రాంతి బరులలోను పేరుమోసిన ఈ వీరునకు జుట్టువిషయమున హిమభయము తక్కువే. కాని ఈకలు కురచవై, బిగువై, నూగు పలుచనై యుండుటచే ఒంటిచలిని తాళుట కష్టము. విధి సగము కవచమే ఇచ్చినది. అయినను అసీలు వంశము దూరము పోయినది. పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండులోని కార్నువాలులో అసీలును స్థానికజాతులతో కలిపి పెంచిన కోళ్లను మొదట ఇండియన్ గేమ్ అనిరి. పిదప అవియే కార్నిష్ కోళ్లైనవి. 1988లో రాజేంద్రనగరున నెలకొన్న కోళ్ల పరిశోధనాసంస్థలో పెరటిపెంపకమునకై రూపొందిన వనరాజా కోడికి తండ్రివంశము ఎర్రకార్నిష్‌నుండి వచ్చినదే. ఆ వనరాజా నేడు డిసెంబరు 21 మొదలు నలుబది దినములు చిల్లై కలాన్ అను ఘోరశీతము నేలెడి కాశ్మీరులోయలో సైతము ఇంటింటి కోడియగుచున్నది. అసీలు రక్తము ఇట్లు చుట్టుదారిన మంచునేలకు చేరుట నాకు ముచ్చట గొలుపును.

జాతి ఎంత మేలైనదైనను తడిసిన గూడు దానిని చెరుచును. పొడిచలిని ఓర్చిన కోడియే తేమచలికి లొంగును. ఊపిరినుండి, రెట్టనుండి లేచిన ఆవిరి జుట్టుపై చేరి గడ్డకట్టును. అందుచే అనుభవజ్ఞులు గూటికప్పు దగ్గర గాలిదారి విడిచి, కోళ్లు కూర్చుండు కర్రపై మాత్రము గాలి తగులనీయరు, మేత పెంచుదురు, గడ్డకట్టిన నీటిని దినమునకు పలుమార్లు మార్చుదురు. పగలు కురచైనచో గ్రుడ్లు తగ్గును గనుక దీపముతో వెలుగును పదునాలుగు గంటలకు పొడిగించుదురు.

మన ఊరివారికి ఈ బాధ పిల్లలదశలోనే. మొదటివారము కోడిపిల్లకు దాదాపు 35 డిగ్రీల వేడి కావలెను. పిదప వారమునకు మూడేసి డిగ్రీలు తగ్గింపవచ్చును. పుష్యమాసమున కొందరు షెడ్డుచుట్టును గోనెపట్టాలు బిగించి, గాలి చొరకుండ మూయుదురు. తెల్లవారునప్పటికి వరిపొట్టు చెమ్మగిల్లి, అమోనియా ఘాటెక్కి, పిల్లలు కన్నులు మూసికొని మూలలకు చేరును. అప్పుడు వేయవలసినది మరియొక పట్టా గాదు. పైనున్న పట్టాను జానెడు దించి, తడిపొట్టు తీసి పొడిపొట్టు పరువవలెను.